హిందూపురంలో తొంభై ఎనిమిది, ధర్మవరంలో తొంభై తొమ్మిది: మాంసం థర్మామీటర్ కోసం ఒక రోజు తిరుగుడు

ఈ ప్రయాణం ఎందుకు మొదలైందో ముందే ఒప్పేసుకుంటాను: కడుపుమంట. పొగమీద మాంసం కాల్చేటప్పుడు లోపలి వేడి ఎంతుందో దూరం నుంచే చెప్పే వైర్‌లెస్ థర్మామీటర్ ఏది నమ్మదగిందని వెతుక్కుంటూ మీరు ఈ పేజీకి వచ్చి ఉంటే, మీకు కావలసిన సంగతులన్నీ కింద ఉన్నాయి. వాటితోపాటు నా ఓర్వలేనితనం కూడా కాస్త భరించాలి. నాకు హిందూపురంలో లేత్ షాపు ఉంది. ఇనుమును వెంట్రుకంత తేడా రాకుండా కోస్తానని పేరు. నా షడ్డకుడు రమణ, అంటే మా ఆవిడ సరోజ చెల్లెలి భర్త, ధర్మవరంలో పట్టుచీరలు నేయిస్తాడు. మా ఇద్దరి అత్తగారిల్లు పెనుకొండ.

ఆ ఇంట్లో ఏడాదికోసారి దేవర చేస్తారు. ఊరి అమ్మవారికి పొట్టేళ్లు కోసి బంధువులందరికీ పెట్టే పండుగ అది. మామగారిది గొర్రెల మందలున్న ఇల్లు కాబట్టి, పొట్టేలు తొడలను తుమ్మకట్టెల పొగమీద ఐదారు గంటలు నిదానంగా కాల్చడం వాళ్ల తాతలనాటి పద్ధతి. పెద్దల్లుడు వచ్చి బొటనవేలితో మాంసం నొక్కి చూసి "ఎత్తండప్పా" అనేదాకా ఎవరూ దాన్ని నిప్పుమీద నుంచి కదపరు. పదకొండేళ్లుగా ఆ మాట నాది. పాత నూనె డ్రమ్మును కోసి, మూత బిగించి, పొగగొట్టం పెట్టి ఆ పొయ్యిని తయారుచేసిచ్చింది కూడా నేనే. పోయిన ఏడాది రమణ బెంగుళూరు నుంచి ఒక పెట్టె తెచ్చాడు. అందులోని ఉక్కు సూదిని తొడలో గుచ్చి, చిన్న డబ్బా ఒకటి చేతిలో పట్టుకుని, పోయి వసారాలో పేకాట దగ్గర కూర్చున్నాడు. నేను చేతులు కడుక్కుని డ్రమ్ము దగ్గరికి వచ్చేలోపు ఆ డబ్బా కీచుకీచుమంది. "ఎత్తండప్పా, మిషినే చెప్తాండాది" అన్నది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ మా మామ. మాంసం బ్రహ్మాండంగా ఉందని అందరూ వేళ్లు నాకారు. నిజంగానే బాగుంది. అదే నాకు మింగుడుపడలేదు.

ఏడాదంతా ఆ కీచుమనే శబ్దం నా చెవుల్లో ఉంది. రమణ కంటే మంచిది కొనాలి, అతనిది తప్పని నలుగురిలో తేల్చాలి, నా మాట నాకు రావాలి. ఈ ఏడాది దేవర మంగళవారం పడింది. అంతకు ముందు శనివారం పొద్దున్నే షాపుకు తాళం వేశాను. "పండగ మూడు దినాలుండంగానే యాడికి పోతాండావు?" అని సరోజ అడిగింది. సామాన్లకని చెప్పాను. "రమణను చూసి కుళ్లుకునే సామాన్లా?" అంది. పదిహేనేళ్లు కాపురం చేశాక పెళ్లాం దగ్గర దాచడానికేమీ మిగలదు.

పట్టుగూళ్ల మార్కెట్ పక్కన ఒక దుకాణం ఉంది. పట్టుపురుగులు పెంచే షెడ్లకు కావలసిన థర్మామీటర్లు, తేమ కొలిచే సామాన్లు అక్కడ దొరుకుతాయి. ఎనిమిదిన్నరకు తీస్తారు. మాంసంలో గుచ్చే వైర్‌లెస్ రకాలు రెండు బెంగుళూరు నుంచి తెప్పించి పెట్టానని షాపాయన నెల కిందటే చెప్పాడు. ఒకటి రెండు వేల నాలుగు వందలు, ఇంకొకటి పంతొమ్మిది వందలు. రెండింట్లోనూ సూది, దానికి అల్లిక తొడుగున్న వైరు, డ్రమ్ము పక్కన పెట్టే ఒక డబ్బా, జేబులో వేసుకునే మరో డబ్బా ఉన్నాయి. కొనేవాళ్లు ఆ వైరును ముందు చూసుకోవాలి. ప్లాస్టిక్ తొడుగైతే మూత కింద నలిగి కరిగిపోతుంది. సూది మొన సన్నగా ఉంటే అంకె తొందరగా నిలబడుతుంది. ఇవన్నీ చూశాక, మసిలే నీళ్లలో పెట్టి చూడందే కొననన్నాను. నీళ్లు నూరు డిగ్రీల దగ్గర మసులుతాయని ఆరో తరగతిలో చదువుకున్నవాణ్ణి కదా.

ఎదురుగా టీ కొట్టు నడిపే ఆమెను గిన్నెడు నీళ్లు మసలబెట్టమని అడిగాను. సూదులు ముంచుతుంటే ఆమె పకపకా నవ్వింది. "ఏమప్పా, నీళ్లకు జొరమొచ్చిందా?" అంది. సూది గిన్నె అడుగుకు తగలకుండా నీళ్ల మధ్యలో పట్టుకున్నాను. ఖరీదైనది తొంభై ఎనిమిది దగ్గర ఆగిపోయింది. చవకది సరిగ్గా నూరు చూపించింది. "ఈ పెద్దది రెండు డిగ్రీలు తప్పు" అన్నాను. షాపాయన తల గోక్కున్నాడు. "హిందూపురంలో అన్నీ అంతే చూపిస్తాయప్పా. దుడ్లు ఎక్కువని చెప్పడంలే, అదే మంచిది, తీసుకో" అన్నాడు. అంటే ఊరందరికీ తప్పువే అమ్ముతున్నాడన్నమాట అనుకున్నాను. లేత్ ముందు ఇరవయ్యేళ్లు నిలబడిన నాకే కొలత నేర్పిస్తాడా? నూరు చూపించినదాన్ని కట్టించుకుని, టీ కొట్టామెకు పది రూపాయలిచ్చి, తొమ్మిదిన్నరకల్లా బస్టాండులో ఉన్నాను.

పెనుకొండకు అర్ధగంటకో బస్సు ఉంటుంది. అప్పట్లో టికెట్టు పద్దెనిమిది రూపాయలు, గంటా పది నిమిషాల ప్రయాణం. దారి పొడుగునా పెట్టెను ఒళ్లో పెట్టుకుని రమణ మొహం ఎలా మాడిపోతుందో ఊహించుకుంటూ కూర్చున్నాను. అన్నిటికంటే రుచిగా గడిచిన గంట అదే.

పెనుకొండలో దిగింది ఒక పని మీద. ఇలాంటి డబ్బాల మీద వంద అడుగుల దూరం పనిచేస్తుందని రాస్తారు. అది ఖాళీ మైదానం మాట. మా మామగారి ఇల్లు మూరెడు మందం రాతిగోడల ఇల్లు. కాబట్టి ఎక్కడ వాడతారో అక్కడే పరీక్షించుకోవాలి. డ్రమ్ము ఉండే పెరట్లో ఒక డబ్బా పెట్టి, రెండోది పట్టుకుని ఇల్లంతా తిరిగాను. వంటింట్లో బాగానే అందింది. వసారాలోకి వచ్చేసరికి అంకె పోయి గీతలు కనిపించాయి, రెండు సార్లు కీచుమంది. ఆ కీచు చాలా ముఖ్యం. కొన్ని రకాలు సంకేతం తెగినా పాత అంకెనే చూపిస్తూ కూర్చుంటాయట. అలాంటిదాన్ని నమ్ముకుంటే మాంసం బొగ్గవుతుంది.

మామ మంచం మీద కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. డెబ్బై దాటిన మనిషి, నోట్లో ఎప్పుడూ వక్క ఉంటుంది. "నువ్వూ కొన్యావా ఒకటి? ఏమిటికప్పా అనవసరంగా? రమణ కాడ ఉండాది గదా. ఈ తూరి నువ్వు నిమ్మళంగా కూచోని తిను. ఆ పొగలో నిలబడి నీకేమిటికి అవస్థ?" అన్నాడు. ఆయన ప్రేమగానే అన్నాడు. నాకు మాత్రం పదకొండేళ్ల ఉద్యోగానికి నోటీసు చేతిలో పెట్టినట్టయింది. అత్తమ్మ పెట్టిన రాగిసంకటి, చింతాకు పప్పు తిన్నానన్న మాటేగాని రుచి తెలియలేదు.

ఒంటిగంటకు కొత్తచెరువు మీదుగా పోయే ధర్మవరం బస్సు ఎక్కాను. ఇరవై నాలుగు రూపాయలు. రెండు గంటలకు కాస్త తక్కువ పడుతుంది. ఎడమ పక్క కూర్చుంటే మధ్యాహ్నపు ఎండంతా మీ మీదే, కుడివైపు కూర్చోండి. ధర్మవరం బస్టాండు నుంచి నేతపని వీధులకు ఆటో పదిహేను రూపాయలు. రమణతో అనాల్సిన మాటలు ఆటోలోనే సిద్ధం చేసుకున్నాను.

నన్ను చూడగానే రమణ మగ్గం దగ్గర నుంచి లేచి వచ్చాడు. "రా అన్నా, రా. ఫోన్ చేసింటే బస్టాండు కాడికి వచ్చింటా గదా" అంటూ నా చేతి సంచి అందుకున్నాడు. ఈ మర్యాదే నన్ను మండించేది. ఒక్కసారైనా ఎచ్చులకు పోయాడా అంటే లేదు, తిట్టుకోవడానికి సందు దొరకదు. "నీ మిషిను తే రమణా. అది తప్పు చూపిస్తాందని నాకు అనుమానంగా ఉండాది. పండగ పూట మాంసం చెడితే అందరికీ చెడ్డ పేరు" అన్నాను. అతని భార్య పద్మ, ఇద్దరు నేతగాళ్లు, పెరట్లో పచ్చిపట్టును సబ్బునీళ్లలో ఉడికించే రంగుల మేస్త్రీ నాగప్ప, అందరూ చుట్టూ చేరారు. నాకు కావలసిందీ అదే.

నాగప్ప పొయ్యి మీదే మంచినీళ్లు పెట్టించాను. తెర్లుతుండగా ముందు రమణ సూది ముంచాను. తొంభై తొమ్మిది. "చూసినారా! ఒక డిగ్రీ తక్కువ" అన్నాను గొంతు పెంచి. రమణ మొహం చిన్నబోయింది. అయ్యో అనిపించలేదు, ఉన్నమాటే చెబుతున్నాను. "ఇప్పుడు నాది చూడండి" అని నా సూది ముంచాను. తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది, నూరు. అక్కడ ఆగాలి. ఆగలేదు. నూట ఒకటి.

పద్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "బావా, నీ సూదికి మాత్రం నీళ్లు ఎక్కువ మసిలినాయే!" అంది. పొద్దున హిందూపురంలో కచ్చితంగా నూరు చూపించిందని నేను గట్టిగా వాదించాను. అప్పుడు నాగప్ప నెమ్మదిగా అందుకున్నాడు. "హిందూపురం మిట్ట గదా స్వామీ, ఇది పల్లం. మిట్ట మీద నీళ్లు బిరీన మసులుతాయి, కాని వేడి తక్కువ. మా బిడ్డను ఆ పక్కకే ఇచ్చినాం. కందిబ్యాళ్లు ఈడ ఉడికినంత బిరీన ఆడ ఉడకవంటాది. పట్టు కూడా అంతే, ఆడ ఇంకొంచెంసేపు పెట్టల్ల. నూరు డిగ్రీలనేది సముద్రం ఒడ్డునుండే వాళ్ల లెక్క" అన్నాడు. పద్మ ఫ్రిజ్‌లోంచి ఐసు తెచ్చి రోట్లో దంచింది. గ్లాసు నిండా దంచిన ఐసు వేసి, కొంచెం నీళ్లు పోసి కలిపి, రెండు సూదులూ గుచ్చాం. ఐసునీళ్లు ఏ ఊళ్లోనైనా సున్నానే. రమణది సున్నా. నాది రెండు. అంటే పొద్దున తొంభై ఎనిమిది చూపించి, నాచేత తిట్లు తిన్నదే సరైనది.

తల ఎత్తలేక రమణ డబ్బాను అటూ ఇటూ తిప్పుతున్నాను. దాని వెనుక చిన్న కాగితం అంటించి ఉంది. దాని మీద పెన్నుతో "అన్న 91" అని రాసి ఉంది. ఇదేమిటని రమణను అడిగాను. "కోప్పడొద్దన్నా. ముందటేడు దేవరలో నువ్వు ఎత్తండప్పా అనినాక, చేతులు కడుక్కునేకి పోతివి గదా, అప్పుడు గుచ్చి చూస్తి. నాగప్ప బానలో పెట్టే థర్మామీటర్ జేబులో ఏసుకొచ్చింటి. కడిగే తెచ్చింటిలే. రెండు తొడలూ తొంభై ఒకటే ఉన్యాయి. అంతకు ముందు ఏళ్ల తరబడి నీ పక్కన నిలబడి చూసినా నాకు వేలికి ఏమీ తెలియలేదన్నా. అందుకే ఆ అంకె రాసుకొని మిషిను కొంటి. పోయినేడు అది కూసింది నీ లెక్కకే" అన్నాడు.

నిజం చెప్పాలంటే, మొదట వచ్చింది సంతోషం కాదు, కోపం. దొంగా అనబోయాను. నా వేలిని అంకె చేసి, డబ్బాలో పెట్టి, మా మామ ముందు నా మీదకే వదిలాడు. ఆ వెనకే ఇంకో సంగతి తట్టింది. రెండు తొడలు, రెండూ తొంభై ఒకటి. నా బొటనవేలు అంత కచ్చితమని నాకే తెలియదు. తెలుసుకున్నది అతనే. నేను అతని మీద కుళ్లుకుంటూ ఏడాది గడిపాను, అతను నా పని చూసి నేర్చుకున్నాడు. పద్మ టీ ఇచ్చింది, తాగాను. "మంగళవారం కలుద్దాం" అని ఒక్క మాట చెప్పి, హిందూపురానికి ఐదున్నర ప్యాసింజర్ రైలు పట్టుకున్నాను. పధ్నాలుగు రూపాయల టికెట్టు. సాయంత్రం కిటికీ పక్కన సీటు సులభంగా దొరుకుతుంది. చల్లగాలికి నా మొహం వేడి మాత్రం తగ్గలేదు.

సోమవారం పైన ఐదు వందలు కడితే, షాపాయన ఒక్క ప్రశ్న వేయకుండా ఆ తొంభై ఎనిమిది చూపినదాన్ని మార్చిచ్చాడు. ఇస్తూ నవ్విన నవ్వు మాత్రం మాటలకంటే ఎక్కువ గుచ్చుకుంది. మంగళవారం దేవరలో నా కొత్త థర్మామీటర్ సంచిలోంచి తీయలేదు. రమణ సూదే గుచ్చాడు. మధ్యాహ్నం అతని చొక్కా జేబులో ఎర్రదీపం మిణుకుమిణుకుమనడం నేనొక్కణ్ణే చూశాను. కూత రాలేదు. ముందే ఆపేసి పెట్టుకున్నాడు. నోరు విప్పకుండా నా వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను చేతులు కడుక్కుని, వెళ్లి, మొదటి తొడ నొక్కాను. అయిపోయింది, నాకు తెలుసు. అయినా రెండో తొడ కూడా తీరిగ్గా నొక్కి అతన్ని కాసేపు నిలబెట్టాను. అది ఓర్వలేనితనమే, కాదనను. అప్పుడన్నాను, "ఎత్తండప్పా" అని. "మిషినేమంటాంది?" అని మామ మంచం మీద నుంచి అరిచాడు. "అన్న చెప్పినంక దానిదేముండాది మామా" అన్నాడు రమణ. నా కడుపుమంట చల్లారిందని మీరనుకుంటే పొరపాటు. పోయినేడు అతని మిషిను చూసి కుళ్లుకున్నాను, ఇప్పుడు అతని మనసు చూసి కుళ్లుకుంటున్నాను, అలాంటిది ఏ షాపులోనూ దొరకదు. మీరు కొనేటప్పుడు ఒక్క పని మరిచిపోవద్దు: మసిలే నీళ్ల కంటే ముందు దంచిన ఐసులో గుచ్చి సున్నా చూపిస్తుందో లేదో చూడండి, ఆ పరీక్షను షడ్డకుడి ఇంటిదాకా మోసుకుపోకుండా కొన్న షాపు ముందే ముగించుకోండి.