నేను వృథా అని రాసిన పన్నెండు ఫొటోలు

1961 వానాకాలం మొదట్లో నన్ను మెదక్ జిల్లాకు ప్రభుత్వ ఫొటోగ్రాఫర్‌గా వేశారు. కాపురం సంగారెడ్డిలో, పని జిల్లా అంతటా. ఎక్కడ బావి తవ్వించినా, బడి కట్టించినా, విత్తనాలు పంచినా వెళ్లి ఫొటోలు తీసి పై ఆఫీసుకు పంపాలి. నేను పుట్టింది తెనాలి పక్కన. ఉద్యోగానికి ముందు అక్కడి స్టూడియోలో నాలుగేళ్లు పెళ్లి ఫొటోలు తీశాను. అందుకని మనుషుల గడ్డం కాస్త పైకెత్తించి, తల ఒక పక్కకు తిప్పించి, ‘కదలొద్దు’ అనడంలో నన్ను మించినవాడు శాఖలో లేడని నా నమ్మకం. ఆ నమ్మకం నా ఒక్కడికే ఉందని తెలియడానికి ఏడాది పైనే పట్టింది.

అప్పట్లో మాకిచ్చిన కెమెరా మెడలో వేలాడేసుకుని పైనుంచి తొంగి చూసే రకం. ఒక్కో ఫిల్ముకు పన్నెండు ఫొటోలు. పన్నెండింటికీ లెక్క చెప్పాలి. ఊరు, తేదీ, విషయం రిజిస్టర్లో ఎక్కించి, ఫిల్ములో దాని వరుస నంబరు ఎదురుగా వెయ్యాలి. ఏ ఫొటో పెద్దది చెయ్యాలో డార్క్‌రూములో ఆ నంబరును బట్టే చూసుకుంటారు. నా కెమెరాకు ఒక జబ్బుండేది. కొత్త ఫిల్ము ఎక్కించాక మొదటిసారి మీట సరిగా పడుతుందో లేదో నమ్మకం ఉండేది కాదు. అందుకని జనాన్ని వరసగా నిలబెట్టే ముందు, ఎదురుగా ఏది కనిపిస్తే దాని మీద ఒకసారి నొక్కి చూసుకునేవాణ్ణి. రిజిస్టర్లో దాని ఎదుట ‘వృథా’ అని అందంగా రాసేవాణ్ణి.

మరుసటి ఏడాది చలికాలంలో జహీరాబాద్ హైస్కూల్లో మూడు రోజులు ఫొటో ప్రదర్శన పెట్టమని ఉత్తర్వు వచ్చింది. ఆ తాలూకాలో నేను తీసినవాటిలోంచి నలభై ఎంచి, నంబర్ల జాబితా రాసి ఖాదర్ సాబ్‌కు ఇచ్చాను. డార్క్‌రూము ఆయనది. ఎక్కువ కాలం చీకట్లో పనిచేయడం వల్లనో ఏమో మాటలు కూడా పొదుపుగా వాడే మనిషి. జాబితాలో నేను చేసిన ఘనకార్యం ఇది: పన్నెండు ఫిల్ముల్లో వృథా పక్కనున్న ఫొటోనే మొదటిదనుకుని దానికి ఒకటో నంబరు వేశాను, మిగతావాటికి మాత్రం రిజిస్టర్లో ఉన్న నంబర్లే వేశాను. ఫిల్ములో ఒకటో నంబరంటే మరి వృథాయే. నా మనసులో ఏముందో ఖాదర్ సాబ్‌కు తెలియదు. రాసిచ్చిందే అచ్చు వేసి, పెట్టెలో పెట్టి మేకులు కొట్టాడు.

ప్రారంభం రోజు పొద్దున జహీరాబాద్‌లో పెట్టె తెరిచాను. నలభైలో పన్నెండు ఫొటోలు నేనెప్పుడూ పట్టించుకోనివి. ఫొటోల కింద తగిలించడానికి రంగులతో పేర్లు రాయించిన అట్టలు మాత్రం ముందే సిద్ధంగా ఉన్నాయి. సంగారెడ్డి వెళ్లి వచ్చే వ్యవధి లేదు. గోడకు ఖాళీలు వదిలే ధైర్యం అంతకన్నా లేదు. ఒక్కో వృథా ఏ ఫొటో స్థానంలో వచ్చిందో, ఆ ఫొటోకు రాయించిన అట్టనే దాని కింద తగిలించాను. ‘మేలైన పశుపోషణ’ అన్నదాని పైన, మొగుడంపల్లి రైతొకాయన గేదె ముఖంలో ముఖం పెట్టి తిడుతున్నాడు. ‘వయోజన విద్య వికాసం’ పైన, ఒక పెద్దాయన ఎండ తగలకుండా పలక ముఖాన పెట్టుకుని నిద్రపోతున్నాడు. ‘కొత్త బావి, ఆనందిస్తున్న మహిళలు’ పైన, ఝరాసంగం ఆడవాళ్లిద్దరు ఏదో మాట్లాడుకుంటూ నీళ్లు తోడుతున్నారు. వాళ్లు ఆనందిస్తున్నారో లేదో నేను చెప్పలేను.

గంటలోపే బడి నిండిపోయింది. నేను గడ్డాలు ఎత్తించి తీసిన ఇరవై ఎనిమిది ఫొటోల ముందునుంచి జనం బస్సు తప్పిపోతున్నట్టు నడిచి వెళ్లారు. ఆ పన్నెండింటి దగ్గర ఆగి, ఒకరినొకరు తోసుకుంటూ, ‘అరె, గిది మన నాగప్ప బర్రె గదరా!’ అని నవ్వుతున్నారు. ప్రారంభించడానికి వచ్చిన మా జిల్లా అధికారి నవ్వలేదు. నన్ను పక్కకు పిలిచి ఇదేమిటని అడిగారు. డార్క్‌రూములో పొరపాటు జరిగిందని చెప్పాను. నంబర్లు వేసింది నేనని చెప్పలేదు. సాయంత్రానికి అవి గోడ మీద ఉండకూడదన్నారు. ఉండవన్నాను. ఉద్యోగంలో ఎప్పుడూ అంత చురుగ్గా జవాబు చెప్పలేదు.

అధికారి జీపు ఎక్కాక చూస్తే, బావి ఫొటో ముందు ఒక అమ్మాయి ఒక్కతే నిలబడి ఉంది. శివలీల ఆమె పేరు. పదో తరగతి. సొంతూరు ఝరాసంగం. జహీరాబాద్‌లో బట్టల దుకాణం ఉన్న మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటోంది. ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు, బజార్లో ఉర్దూ మాట్లాడుతుందని హెడ్మాస్టారు గర్వంగా చెప్పారు. ఆ అమ్మాయి నన్ను చూసి, “సార్, గీళ్లకు మీ సోయే లేదు. ఎట్ల తీసిన్రు?” అని అడిగింది.

నాకు సోయి అంటే తెలియదు. ఏదో పప్పుధాన్యం అనుకుని, ఈ ఊళ్లో పండదా అన్నాను. హెడ్మాస్టారు దగ్గి, సోయి అంటే ధ్యాస అని వివరించారు. మీరు అక్కడ ఉన్నారన్న ధ్యాస లేకుండా వాళ్ల పని వాళ్లు చేసుకుంటున్నారని ఆ అమ్మాయి భావం. నిజం చెప్పాలంటే, నాకూ వాళ్ల ధ్యాస లేదు, మీట పడుతుందా లేదా అన్నదే ధ్యాస. అది చెప్పకుండా వెలుతురు, కటకం, దూరం అంటూ పావుగంట ఉపన్యసించాను. శివలీల నోటుబుక్కులో రాసుకుంది. అందులో ఒక్క ముక్క కూడా ఆమె అడిగినదానికి జవాబు కాదు.

సాయంత్రం పన్నెండు ఫొటోలూ తీసి పెట్టెలో పెట్టేశాను.

మర్నాడు పొద్దున ఆమె మరో నలుగురు అమ్మాయిలను వెంటబెట్టుకుని వచ్చింది. గోడ మీద మేకులున్నాయి, ఫొటోలు లేవు. ఏమైనయి సార్ అంది. ‘వాటిని బహుమతి పోటీకి హైదరాబాద్ పంపాం’ అనేశాను. ఎందుకన్నానో ఇప్పటికీ అర్థం కాదు. ఆమె ముఖం వెలిగిపోయింది. మధ్యాహ్నానికల్లా బడి అంతా నన్ను అభినందించింది. హెడ్మాస్టారు టీ తెప్పించారు. తాగాను.

మూడో రోజు శివలీల పన్నెండు కాగితాలతో వచ్చింది. ఫొటోలు చూడనివాళ్లు మస్తుమంది ఉన్నారనీ, వాటిలో ఏమున్నదో గుర్తున్నంత రాసిందనీ, ఆ మేకులకు తగిలించమనీ అడిగింది. బావి ఫొటోకు ఆమె రాసింది ఇదీ: ‘ఇద్దరు ఆడోళ్లు నీళ్లు చేదుతున్నరు. పెద్దామె కుడిచేతికి కొంగు చుట్టుకున్నది, తాడు కోసుకపోయినట్టున్నది. చిన్నామె నవ్వుతున్నది గని ఒక కాలు మీదనే నిలబడ్డది, బండ కాలుతున్నది గావచ్చు. బావికి గిరక లేదు.’

మా వైపు గిలక అంటాం. పెట్టె తెరిచి బావి ఫొటో తీసి చూశాను. చేతికి కొంగు ఉంది. కాలు ఎత్తి ఉంది. గిలక లేదు. ఆ బావికి నేను రెండుసార్లు వెళ్లాను, రెండుసార్లూ దాన్ని అన్ని వసతులూ గల బావి అని రిజిస్టర్లో రాశాను. మిగతా పదకొండూ ఒక్కొక్కటే కాగితంతో పోల్చి చూశాను. ఒక్క తప్పు కూడా దొరకలేదు. దొరికితే బాగుండునని వెతికిన మాట నిజం.

అప్పుడింక మాట దాచలేకపోయాను. పోటీ లేదనీ, వాటిని వృథా అని రాసింది నేనేననీ, నంబర్లు తప్పు వేసి ఖాదర్ సాబ్ మీద నెట్టాననీ, భయపడి తీసేశాననీ చెప్పాను. కోపగించుకుంటుందనుకున్నాను. ఆమె, “అయితే సార్, మీరు నంబర్లు తప్పు వెయ్యకుంటే నేను గివి చూడకపోతుంటినా?” అంది. అంతే. బావి ఫొటో, గేదె ఫొటో, పలక ఫొటో చేతిలో పెట్టాను. ప్రభుత్వ ఆస్తిని అలా ఇవ్వకూడదు. ఆ మాట కూడా చెప్పే ఇచ్చాను. ఆమె వాటిని నోటుబుక్కులో దాచుకుంది.

కాగితాలు మేకులకు తగిలించాం. సాయంత్రం పంచాయతీ సమితి పెద్దలు వచ్చి బావి కాగితం దగ్గర ఆగి, రెండుసార్లు చదివి వెళ్లిపోయారు. నెల తిరక్కుండా బావికి గిలక పడింది. ప్రదర్శన సాధించిన ఫలితంగా మా అధికారి దాన్ని నివేదికలో రాశారు. అదే వారం తప్పు అచ్చులకు ఖాదర్ సాబ్‌ను సంజాయిషీ అడుగుతూ మెమో తయారవుతోందని తెలిసి, తప్పు నాదని రాసిచ్చాను. నా సర్వీసు పుస్తకంలో ఒక హెచ్చరిక చేరింది. ఖాదర్ సాబ్‌కు క్షమాపణ చెప్పడానికి వెళ్తే, “ఆ పన్నెండూ బాగొచ్చినయి” అన్నాడు. మిగతా ఇరవై ఎనిమిది ఎలా వచ్చాయో నేను అడగలేదు.

ఇంత జరిగాక మారిపోయానని రాసుకుంటే బాగుండేది. మారలేదు. గడ్డాలు ఎత్తిస్తూనే ఉన్నాను. 1967లో జహీరాబాద్ దగ్గర ఒక అల్లం తోటకు పంపారు. రైతుకు ఉతికిన తలపాగా చుట్టించి, అల్లం దుంపల గుత్తి చేతికిచ్చి, ముప్పావు గంట కష్టపడి ఒక ఫొటో తీశాను. మా అధికారి భుజం తట్టారు.

మూడు వారాలకు హైదరాబాద్ నుంచి కవరు వచ్చింది. పంపింది శివలీల. అక్కడ కాలేజీలో చదువుతోందట. సెలవులకు ఊరొచ్చినప్పుడు బావగారి కెమెరా తెచ్చుకుని ఆ రోజు తోట గట్టు మీదే ఉందట. ‘సార్, మీ ముంగటికి వస్తే మీరు సక్కగ నిలబడుతరని రాలె. చదువు అయినంక నేను గీ పనే చేస్త. ఇంట్ల చెప్పిన, మామ సరే అన్నడు. మీరు ఇచ్చిన మూడు ఫొటోలు చూపించి ఒప్పించిన’ అని రాసింది. లోపల ఒక ఫొటో ఉంది.

అందులో ఉన్నది నేనే. బురదలో మోకాళ్ల మీద కూర్చుని, చెయ్యి పైకెత్తి నాలుగురోడ్ల కూడలి పోలీసులా ఆజ్ఞాపిస్తున్నాను. రైతు మెడ పట్టేసినట్టు నిలబడ్డాడు. నా వీపు వెనక, ఫొటోకు అడ్డమని నేను పక్కకు పంపిన ఏడుగురు ఆడకూలీలు ఎండలో నిలబడి ఉన్నారు. చేతులు మోచేతుల దాకా మట్టి. అల్లం తవ్వింది వాళ్లే. ఒకామె నాలాగే చెయ్యెత్తి చూపిస్తోంది, మిగతావాళ్లు నవ్వాపుకోలేకపోతున్నారు. నేను తీసిన ఫొటోలో ఆ ఏడుగురిలో ఒక్కరూ లేరు.

శివలీల అన్నంత పనీ చేసింది. డిగ్రీ అయ్యాక ఒక వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఫొటోగ్రాఫర్‌గా చేరి, పదవీ విరమణ దాకా పల్లెల్లో తిరిగింది. నేను చెప్పిన కటకం పాఠం ఆమెకు ఎక్కడా పనికి రాలేదని తర్వాత ఒకసారి మర్యాదగానే చెప్పింది.

నాకు ఆ కవరు తర్వాత ఒక పద్ధతి అలవడింది. ఊరికి వెళ్లాక గంటసేపు కెమెరా సంచిలోంచి తీసేవాణ్ణి కాదు. పని ఎవరు చేశారో కనుక్కున్నాకే తీసేవాణ్ణి. నా కింద పనిచేసిన కుర్రాళ్లు అది బద్ధకం అనుకున్నారు. నా ఫొటోలు దానివల్ల గొప్పవి కాలేదు, అబద్ధాలు మాత్రం కొంత తగ్గాయి. ఈ వృత్తిలో మీట నొక్కే ముందు చూసుకోవలసింది, మనం ఎవరిని పక్కకు జరగమంటున్నామో. అది నాకు ఉద్యోగంలో చేరిన ఆరేళ్లకు తెలిసింది, అదీ వేరొకరు తీసిన ఫొటో చూసి.