దేవత చేతిలో పన్నెండు వోల్టులు

రిటైర్మెంటు ఇంకా రెండేళ్ళు ఉందనగా, ఒక ఫిబ్రవరిలో నన్ను అరకులోయకు పోయే కొండ లైనులో ఓ చిన్న స్టేషనుకు బదిలీ చేశారు. హోదా సీనియర్ సిగ్నల్ టెక్నీషియన్. సిగ్నళ్ళు, రైలును ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మళ్ళించే పాయింట్లు, వాటిని నడిపే బ్యాటరీలు, కేబుళ్ళు అన్నీ నా పూచీ. నా పైన సెక్షన్ ఇంజనీరు, కింద ఒక హెల్పరు. ఆ హెల్పరు పోస్టు నేనున్నన్నాళ్ళూ ఖాళీ. అందుచేత నేనే ఆజ్ఞలు జారీ చేసి, నేనే శిరసావహించేవాణ్ణి. క్రమశిక్షణకు లోటు లేదు.

పట్టాల గ్యాంగులో పనిచేసే పాంగి సొన్నమ్మ ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగి బ్యాటరీ రూముకి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, నాకంటే జానెడు పొడుగు. చంకలో గోనెసంచి చుట్టిన పొడుగాటి వస్తువు. విప్పితే కత్తి.

"ఏటమ్మా ఇది?" అన్నాను.

"దేవత కత్తి బాబూ. ఎలుగుతాది, మళ్ళీ ఆరిపోతాది. ఓపాలి సూడు."

సంగతేమిటంటే, చైత్రమాసంలో కొండల్లో చేసుకునే ఇటుకల పండక్కి వాళ్ళ ఊళ్ళో నాటకం ఆడతారు. అందులో కొండదేవత రక్కసుణ్ణి చంపుతుంది. దేవత వేషం ఏళ్ళ తరబడి సొన్నమ్మ పెనిమిటికి అన్నగారైన గాసన్నది. మీసం తియ్యకుండానే చీర కట్టి ఆడేవాడు. ఈసారి ఆ వేషం తనకు కావాలంది సొన్నమ్మ. పెద్దలు ససేమిరా అన్నారు. అప్పుడామె, నాకిస్తే వెలిగే కత్తితో వస్తానంది. పెద్దలు మెత్తబడ్డారు. గాసన్న మాత్రం ఒక షరతు పెట్టాడు: పండక్కి ముందు అందరి ఎదుటా ఆడి చూపించాలి, మధ్యలో దీపం ఆరితే వేషం మళ్ళీ తనదే. అందాకా అతనికి రక్కసుడి వేషం ఇచ్చారు. అది ప్రమోషన్ కాదని అతనికి తెలుసు.

కత్తిని ఆమె ఫోనులో వీడియోలు చూసి సొంతంగా చేసింది. అలుగు తెల్లటి ప్లాస్టిక్ గొట్టం, లోపల పన్నెండు వోల్టుల ఎల్ఈడీ పట్టీ. పిడి ఇంకాస్త లావు గొట్టం. అందులో పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలోంచి తీసిన మూడు సెల్లు ఒకదాని వెనక ఒకటి. అడుగున మూత, మూత లోపల స్ప్రింగు. టంకం పని నేను వేసిన కొన్ని జాయింట్లకంటే నయంగా ఉంది. ఆ మాట ఆమెతో అనలేదు.

మా పనిలో పద్ధతి ఒకటుంది. ముందు లోడు లేకుండా వోల్టేజి చూడాలి, తర్వాత లోడు పెట్టి చూడాలి. కత్తిని బల్ల మీద పెట్టి మల్టీమీటరు తగిలించాను. దీపం ఆర్పి చూస్తే పన్నెండు, వెలిగిస్తే పదకొండుకు పైచిలుకు. వైర్లు కదిపి చూశాను, ఏమీ కాలేదు. "ఒక సెల్లు ముసలిదైపోయింది" అని తేల్చాను, అదేదో నాకు సంబంధం లేని జబ్బన్నట్టు. నా ఎమర్జెన్సీ లైటులోని సెల్లు తీసి వేసిచ్చి, ఇక దిగుల్లేదన్నాను.

ఆదివారం బడి వరండాలో రిహార్సలు. నన్నూ పిలిచి కుర్చీ వేశారు. సొన్నమ్మ కత్తి పైకెత్తింది. వరండా అంతా నీలంగా వెలిగింది. రెండోసారి ఎత్తింది. మూడోసారి ఎత్తగానే ఆరిపోయింది. కిందపడి గజగజ వణకాల్సిన రక్కసుడు లేచి, దుమ్ము దులుపుకుని, చెయ్యి చాపాడు.

"సీర తే" అన్నాడు.

ఊరి పెద్ద నావైపు తిరిగి, "రైల్లో నువ్వు సేసే పనేటి బాబూ?" అని అడిగాడు.

"దీపాలు ఆరిపోకుండా చూడ్డం" అన్నాను.

సొన్నమ్మ కత్తిని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. ఆమె నన్ను నాలుగు తిట్టుంటే నాకు తేలికగా ఉండేది.

మా దగ్గర ఏ పరికరం విప్పాలన్నా ముందు స్టేషన్ మాస్టరుతో డిస్కనెక్షన్ మెమో మీద సంతకం పెట్టించుకోవాలి. ఇంతసేపు ఇది పనిచెయ్యదు, ఈలోగా రైలు పంపకు అని దాని అర్థం. గాసన్నకు ఆ పద్ధతి వివరించి అరగంట అడిగాను. రక్కసుడు కాసేపు ఆలోచించి, నోటిమాటగా మంజూరు చేశాడు.

ఎప్పుడూ నా వెంట ఉండే పనిముట్ల సంచీ విప్పి, కత్తిని బెంచీ మీద పెట్టి మీటరు తగిలించాను. వెలిగింది. మీటరు పదకొండు చూపించింది. ఆర్పి వెలిగించాను, అంతే. మళ్ళీ పెట్టాను, మళ్ళీ అంతే. నాలుగోసారి పెడుతుంటే సొన్నమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"బాబూ, ఇందాకట్నుంచీ దాన్ని పడుకోబెట్టే సూత్తన్నావు. నాను పడుకొని యుద్ధం సెయ్యను గదా."

కత్తి ఆమె చేతికే ఇచ్చి, మొన పైకెత్తి పట్టుకోమన్నాను. మీటరు పదకొండు నుంచి ఏడుకు, ఏడు నుంచి సున్నాకు జారింది. మూత విప్పాను. అడుగున ఉన్నది బాల్‌పెన్ను స్ప్రింగు. కత్తి నిలబెడితే మూడు సెల్ల బరువూ దాని మీద పడుతోంది. అది అణగగానే పైన సెల్లుకీ తీగకీ మధ్య సందు వస్తోంది. పైగా కరెంటంతా ఆ సన్నటి స్ప్రింగులోంచే పోవాలి గనక వేడెక్కి, బిగువు పోయి మెత్తబడింది. ఆ రోజు సెల్లు మార్చినప్పుడు ఆ స్ప్రింగు నా వేలికి తగిలింది కూడా. నేను దాన్ని చూడనేలేదు.

బళ్ళో టార్చిలైటు ఉంటే దాని స్ప్రింగు తీసుకున్నాను, కరెంటు పోవడానికి ఒక రాగి తీగను దానికి జత చేసి టంకం వేశాను. సెల్లు ఊగకుండా చుట్టూ సైకిలు ట్యూబు ముక్కలు కూరాను. చివర్న చిన్న ఫ్యూజు పెట్టాను.

"దేవతకి ఫ్యూజేటి బాబూ?" అంది సొన్నమ్మ.

"దేవతకి కాదు, నీ చేతికి. ఆ సెల్లు షార్టయితే పిడి మండిపోతుంది."

ఆమె కత్తిని ఎత్తింది, దించింది, తిప్పింది, నేలకేసి కొట్టింది కూడా. ఆరలేదు. తృప్తి కలగక గాసన్న తనే తీసుకుని, చెయ్యి నొప్పి పుట్టేదాకా ఊపాడు. ఆ తర్వాత చీర ప్రస్తావన రాలేదు.

పండగనాడు పొద్దు గూకుతుండగా నాటకం ఆడారు. సొన్నమ్మ గొంతు విప్పితే వెనక వరసలో కూర్చున్న నాక్కూడా కాస్త భయం వేసింది. పొడిచాక గాసన్న పడ్డాడు, మళ్ళీ లేచాడు, డైలాగు చెప్పాడు, పడ్డాడు, మళ్ళీ లేచాడు. నాటకంలో లేని మాట ఒకటి దేవత నోటివెంట అందరికీ వినబడేలా వచ్చింది:

"బేగి సావు బావా, సెల్లు అయిపోతాయి!"

ఏ పరికరమైనా అది పనిచేసే స్థితిలోనే పరీక్షించాలని మా శిక్షణలోనే చెప్పారు. పరీక్షలో ఆ జవాబు రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. పండగైన మరుసటి వారం, ఒక లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గరికి వెళ్ళాను. అక్కడి ఫోను రైలు వచ్చినప్పుడే మూగబోతోందని గేటుమ్యాను ఎన్నిసార్లు చెప్పినా, నేను రైలు లేనప్పుడు వెళ్ళి, బాగానే ఉందని రిజిస్టరులో రాసి వచ్చేవాణ్ణి. ఈసారి గూడ్సు వచ్చేదాకా ఆగి, అది పక్కనే అదిరిపోతూ వెళుతుండగా పెట్టె తెరిచి చూశాను. లోపల ఒక స్క్రూ వదులుగా ఉండి, ఆ అదురుకు దాని కింది తీగ పక్కకు జరుగుతోంది. బిగించడానికి అర నిమిషం పట్టింది. రైలు వచ్చేదాకా అక్కడ ఆగాలని తెలియడానికి ముప్పై నాలుగేళ్ళ సర్వీసు పట్టింది.