గోడ మీది మనుమడు

ఇప్పుడు అద్దాల మేడలు నిలిచిన కొత్తగూడలో ఆ రోజుల్లో మాదొక కిరాణా దుకాణం ఉండేదంటేనే పిల్లలు నవ్వుతారు. ఆ దుకాణం పక్క గదిలో కళా ప్రదర్శన కూడా జరిగిందంటే ఇంకేమంటారో. అవి డెబ్భైల తొలినాళ్లు. నాకు ఇరవై ఏళ్లు, ఎదుటివాడు గొంతు సవరించుకునేలోపు బేరం తేల్చేస్తానన్న పొగరు. బొమ్మల కాలేజీ నుంచి అప్పుడే బయటపడ్డ గడ్డం కుర్రవాడొకడు పట్నం నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చి మేం పల్లీల బస్తాలు వేసుకునే ఆ పక్క గది నాలుగు రోజులకు కావాలన్నాడు. తానూ ఇద్దరు స్నేహితులూ తీసిన చిన్న సినిమాలు గోడ మీద వేసి చూపిస్తారట. కథ ఉండదు, పాట ఉండదు, మాట కూడా వినపడదు. "మరి ఏముంటది?" అన్నాను. "కాలం ఉంటుందండి," అన్నాడు. గోడ మీద కాలాన్ని చూడటానికి ఎవరొస్తారో తెలియలేదు గానీ బేరం మాత్రం వదల్లేదు. గది ఊరికే ఇస్తాను, సినిమాలో నా మొహం ఉండాలి. (అంత చవగ్గా నన్ను నేను అమ్ముకోవడం అదే మొదలు.)

నన్ను గల్లా వెనక కూర్చోబెట్టి, "ఏదో ఒకటి అనండి," అన్నాడు. అన్నాను. ఆ ఫిల్ము ఆగకుండా తిరగాలని దాని రెండు కొసలూ అతికించాడు. ప్రదర్శనకు ముందురోజు మధ్యాహ్నం కిటికీలకు గోనెసంచులు కట్టి వేసి చూపించాడు. గోడంత నా మొహం! రెప్ప వేస్తుంది, పెదాలు కదిపి ఏదో అంటుంది, మళ్లీ రెప్ప వేస్తుంది. సినిమా మిషను గిరగిర తప్ప చప్పుడు లేదు. కాసేపటికి, అది రెప్ప వేసినప్పుడల్లా నేనూ వేస్తున్నానని తెలిసి చప్పున తల తిప్పుకున్నాను. అయినా గొప్పలు పోవాలిగా, వెళ్లి నాయనమ్మను పిలుచుకొచ్చాను.

ఆమె గోడ ముందు చతికిలబడింది. ఎంతకీ లేవదు.

"ఆపాలమ్మా, బల్బు వేడెక్కిపోయింది," అని గడ్డం అబ్బాయి బతిమాలాడు. "ఈ ఫిల్ము కాలితే దీనికి ఇంకో కాపీ లేదు. రేపే జనం వస్తారు."

"ఆపితె నా మనుమడు పోతడు."

"నేనీడనే ఉన్న గద నాయనమ్మా," అన్నాను.

నన్ను చూసింది, గోడను చూసింది. "ఇద్దరున్నరు. ఎవడు మావోడో జర చూడనియ్యి. ఇంట్ల ఉప్పున్నదా?"

కంగారులో "లేదు" అనేశాను. అంతే, దొరికిపోయాను. దుకాణం నడిపేవాళ్లం, మా ఇంట్లో 'లేదు' అన్న మాట నోట రాకూడదు. ఉప్పు అయిపోతే 'నిండుకుంది' అనాలి.

"మా పోరడు చస్తె ఆ మాట అనడు," అంది నాయనమ్మ. "గోడ మీదోని పెదాలు చూడు. నిండుకున్నది అంటున్నడు."

చూశాను. గోడ మీదివాడు నిజంగానే అదే అంటున్నాడు. కెమెరా ముందు ఏమన్నానో నాకు గుర్తులేదు, వాడికి గుర్తుంది.

"నేనైతె అన్నం తింట. వాడు తింటడా?" అని చివరి బేరం పెట్టాను.

"అందుకే వాడే నయం."

ఆ క్షణాన ఫిల్ము ఇరుక్కుంది. గోడ మీద నా గడ్డం దగ్గర గోధుమరంగు మచ్చ పుట్టి, పెదాలు తిని, కళ్ల దాకా పాకింది. తర్వాత తెల్లటి వెలుగు, కాలిన వాసన. గడ్డం అబ్బాయి తల పట్టుకుని కూలబడ్డాడు. నాయనమ్మ నెమ్మదిగా లేచి, అడిగిన సరుకు దొరక్క ఇంకోటి తీసుకునేవాళ్లలా నా చెంప తడిమి చూసింది.

"సరె. ఇగ మీరే ఉండున్రి," అంది.

మర్నాడు నా సినిమా వంతు వచ్చేసరికి అతను గత్యంతరం లేక ఉత్త వెలుగే గోడ మీద వేశాడు. పట్నం వాళ్లు చేతులు కట్టుకుని నిలబడి దాన్ని చాలాసేపు చూశారు. (ఒకాయన కళ్లు కూడా తుడుచుకున్నాడు.) నాయనమ్మ మాత్రం పోయేదాకా నన్ను 'మీరు' అనే అంది. పిలవని చుట్టానికి వడ్డించినట్టు, "తిన్నరా? ఇంక జర పెట్టాల్నా?" అని అడిగేది. మొదట్లో నవ్వేవాణ్ణి, తర్వాత అలవాటైంది. ఈమధ్య లిఫ్టు అద్దంలో నెరిసిన జుట్టుతో ఒకాయన ఎదురవుతున్నాడు. ఎవరూ లేనప్పుడు నేనూ ఆయన్ని "బాగున్నరా?" అనే పలకరిస్తున్నాను.