బొడ్లో దోపుకున్న పెన్సిల్ సెల్స్

పోయిన నెల, డునెడిన్‌లో చదివే మా అమ్మాయి గ్రాడ్యుయేషన్ దగ్గర పడుతోంది కదా అని అలమరలోంచి పాత డిజిటల్ కెమెరా తీసి బ్యాటరీ మూత తెరిచానో లేదో, లోపల సెల్స్ కారిపోయి, తెల్లగా పచ్చగా పేరుకుపోయిన పెంట కనబడింది. చవగ్గా వచ్చాయని ఏవో దిక్కుమాలిన సెల్స్ తెచ్చి వేసి, మళ్లీ తీయడం మరిచిపోయిన ఘనత మావారిది. అమ్మాయి మొదటి పుట్టినరోజు ఫొటో తీసింది ఆ కెమెరాతోనే. పట్టా తీసుకునేటప్పుడు నల్లగౌను వేసుకున్న ఫొటో కూడా దాంతోనే తీయాలని నా పట్టుదల.

ఆ సన్నటి బ్యాటరీలని పెన్సిల్ సెల్స్ అనేవాళ్లం, మా తరం వాళ్లకి గుర్తుండే ఉంటుంది. మావారి చదువు కోసం ఈ దేశం వచ్చి ఇన్వర్‌కార్గిల్ ఊళ్లో దిగిన కొత్తలో, వీధి చివరి డెయిరీకి, అంటే ఇక్కడ చిల్లర కొట్టుని అలాగే అంటారు లెండి, వెళ్లి పెన్సిల్ సెల్స్ అడిగితే, ఆ కివీ ముసలావిడ ఎంతో ఆదరంగా రెండు పెన్సిళ్లూ ఒక షార్ప్‌నరూ చేతిలో పెట్టింది. కాదనడానికి ఇంగ్లీషు చాలక అవే కొనుక్కొచ్చాను. ఆ ఊరి చలి పాడుగాను, నిండుగా ఛార్జి చేసిన సెల్స్ కూడా ఇట్టే చచ్చిపోయేవి! అందుకని వాటిని రుమాల్లో చుట్టి, ఒంటి వేడికైనా బతుకుతాయని బొడ్లో దోపుకునేదాన్ని. పక్క ఫ్లాటులో ఉండే మరిది వరసాయన కెమెరా పట్టుకుని ‘వదినా, సెల్స్!’ అని కేకేస్తే చాలు, రెండో ఫొటోకి అవి ఉంటాయో లేదో అని ఉన్నవాళ్లందరం ఒకరినొకరు ఆనుకుని, రెప్ప వేయకుండా నిలబడేవాళ్లం.

ఇప్పుడు మేముంటున్న జాన్సన్‌విల్‌లో ఆ కారిపోయిన కెమెరాని షాపుకి పట్టుకెళితే, కౌంటర్లో ఉన్న మన తెలుగాయనే, ‘ఆంటీ, దీనికి రిపేర్ వేస్టండీ, అప్‌గ్రేడ్ అయిపోండి’ అన్నాడు. నేను అవ్వాలట అప్‌గ్రేడు! కొత్త కెమెరాకి దాని సొంత బ్యాటరీ తప్ప మరోటి పట్టదట, ఛార్జరు విడిగా కొనుక్కోవాలట, కొన్నేళ్లకి ఆ బ్యాటరీ చేయడం కూడా మానేయొచ్చట. ఏ కొట్లోనైనా దొరికే సెల్స్‌తో నడిచే వస్తువుని చెత్తలో పారేసి, ఈ మాయదారి సరుకు కొనాలా? ఛీ! మావారు మాత్రం కొత్త కెమెరాలున్న అద్దాల బీరువాకి అతుక్కుపోయారు, సిగ్గు లేకుండా. ఆయన్ని లాక్కొచ్చి, ఇంట్లో దూదికి వెనిగర్ అద్ది గీకితే, తుప్పు పట్టిన స్ప్రింగులు ఊడి చేతికొచ్చాయి.

చివరికి డునెడిన్‌కి ఒట్టి చేతులతో వెళ్లాం. అమ్మాయి స్నేహితులు ఫోన్లలో వందలకొద్దీ ఫొటోలు టపటపా తీసి పారేశారు. మా ఇద్దరి మధ్యా నిలబడి ఒక్కటి తీయించుకోవే అంటే, ‘హండ్రెడ్స్ తీశాం కదా అమ్మా, లేటర్ పంపిస్తా’ అంది. మళ్లీ మళ్లీ అడిగాక నిన్న పంపింది. ఎన్నయినా తీసుకోవచ్చన్న ధీమా వచ్చాక ఒక్క ఫొటో కోసం కుదురుగా నిలబడే ఓపిక మనుషుల్లో పోయిందేమో అనుకుంటూ అన్నీ వెతికితే, మేం ముగ్గురం ఉన్నది ఒకే ఒక్కటి దొరికింది. అందులో నేను అమ్మాయిని చూస్తున్నాను, అమ్మాయి ఫోను చూసుకుంటోంది. ఏం చేస్తాను, దాన్నే ప్రింటు వేయించి హాల్లో పెట్టుకున్నాను.