వెనక్కి తిరగకుండా చూసిన స్కీ జంపింగ్

ఈ రోజు బ్రిస్బేన్‌లో మండుటెండలో స్కీ జంపింగ్ పోటీ జరిగింది. మంచు బదులు ప్లాస్టిక్ వాలు మీద స్కీలతో జారి, ఎగిరి, గాల్లో పల్టీలు కొట్టి కొలనులో పడతారు. సెక్యూరిటీ గార్డుని కాబట్టి రూల్ ప్రకారం నేను వాలుకి వీపు పెట్టి, జనం వైపే చూస్తూ నిలబడాలి. ప్రదర్శన కోసం పైన తిరిగే పాతకాలపు విమానాలు కనబడ్డాయి గానీ, జంప్ ఒక్కటీ కనబడలేదు. అందరూ కేకలేస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

ముందు వరుసలో ఒక హైదరాబాదీ అంకుల్ నా బ్యాడ్జి మీద పేరు చదివారు.

"తెలుగోడివా బేటా? నేను చెప్తా, విను. పిల్ల ఎగిరింది... రెండు పల్టీలు... అరెరె, బొక్కబోర్లా పడ్డది!"

"లేచిందా అంకుల్?"

"లేచింది, నవ్వుతున్నది. నువ్వూ జర నవ్వు."

పోటీ అయ్యేదాకా ఆయన ఆపలేదు. ఆ రూల్ పెట్టినవాడి మీద కోపం నాకింకా తగ్గలేదు. అంకుల్‌కి మాత్రం దండం. ఈసారి మీకు ఎదురుగా గార్డు నిలబడి ఉంటే, అతని వెనక ఏం జరుగుతోందో కాస్త చెప్తారా?