రద్దు కావలసిన మధ్యాహ్నం ఆట

ఒకప్పుడు తెరను ఏలిన హాస్య జంట స్నేహం మీద తీసిన సినిమా రావులపాలెంలో ఈ రోజుతో వెళ్లిపోతుందని తెలిసి, మా కళాశాల వక్తృత్వ జట్టులో నా జోడీ అయిన లలితతో కలిసి మధ్యాహ్నం ఆటకు వెళ్లాను. హాల్లో ఉన్నది మేమిద్దరమే. పదిమందైనా లేనిదే ఆట వేయలేమన్నారు మేనేజరు గారు. టికెట్టు అమ్మడమంటే మాట ఇవ్వడమేనని, హాస్యం విలువను ఖాళీ కుర్చీలతో తూచడం అన్యాయమని నేను ధాటిగా వాదించాను. ఆయన ఎంతో మర్యాదగా విని, "బాగా చెప్పారండి. కానీ ఆట లేదండి" అన్నారు.

ఈలోగా లలిత రోడ్డు దాటి, అరటి గెలలు లారీకెక్కించి సేదతీరుతున్న రైతులను కదిపింది.

"ఏం సినిమా అండి?"

"ఇద్దరు ప్రాణస్నేహితుల కథండి. లోకాన్నంతా నవ్వించి, ఆఖరికి వాళ్లిద్దరూ మాటలు మానేశారు."

"తప్పెవరిదంటండీ?"

"అదే తేల్చాలి, రండి బాబాయ్!"

పదిమందికి పైగా లేచి వచ్చారు!

సినిమాలో ఆ పొడుగాయనా, లావుపాటాయనా మళ్లీ ఒకే వేదిక ఎక్కినప్పుడు హాలంతా ఈలలతో మారుమోగింది. ఆట ముగిశాక రైతులు మెట్ల మీదే రెండు పక్షాలుగా చీలిపోయారు.

"పొడుగాయనదే తప్పండి! ముందు తను పలకరిస్తే ఏం పోయింది?"

"ఊరుకోండి, లావుపాటాయనకే పొగరు!"

నేను లావుపాటాయన పక్షాన రంగంలోకి దిగాను. అంతలో మేనేజరు గారు వచ్చి, "సాయంత్రం కూడా వేస్తున్నామండి. నేను మొదటి సగం చూడలేదు" అన్నారు.

వాదనలో ఓడి ఆటను గెలుచుకోవడం నాకిదే మొదటిసారి. పొడుగాయనను సమర్థించేవారు ఎవరైనా ఉంటే కామెంట్లలోకి దయచేయండి. నా గొంతు ఇంకా అలిసిపోలేదు.