చెంపకు ఆనించిన పార్సిల్

మా పోస్టాఫీసులో పార్సిళ్లు తీసుకునే ఆవిడను వెనకాల అందరూ అనుమానాలక్క అంటారు. నేను పక్క కిటికీలో స్టాంపులు అమ్ముతాను కాబట్టి ఆ సణుగుడంతా పొద్దస్తమానం నా చెవిలోనే. తినే వస్తువు ఏది వచ్చినా ముందు చెంపకు ఆనిస్తుంది. తర్వాత చెవి దగ్గర ఊపుతుంది, ఆపైన వాసన చూస్తుంది. ఎవరి నోటిమాటా నమ్మదు. నేను కడిగిచ్చిన గ్లాసులో కూడా నీళ్లు తాగదు, ఎంగిలట.

"వెచ్చగా ఉందేంటి?" అని నిలదీస్తుంది.

"ఇప్పుడే చేశానండీ. వేడివేడిగా సర్దేశాను."

"వేడి మీద మూత బిగిస్తే ఆవిరి లోపలే నీళ్లవుతుంది. చేరేసరికి బూజు పడుతుంది. అంత ప్రేమే ఉంటే బాగా చల్లారనిచ్చి తీసుకురండి."

జనం తిట్టుకుంటూ పోతారు. నిజం చెప్పొద్దూ, నాకూ ఒక్కోసారి ఆ నోరు కుట్టేయాలనిపించేది.

ఆ అనుమానం ఆఫీసులోనే ఆగిపోతే బాగుండేది. ఇంట్లో కోడలు ఏం వండినా మూత తీసి వాసన చూసేది, సర్దడం గురించీ చల్లార్చడం గురించీ పాఠాలు చెప్పేది. ఆ పిల్ల విన్నట్టే ఉండేది కాదు. నిరుడు ఒకరోజు అక్కకు భోజనం కాగానే కడుపునొప్పి వచ్చింది. "ఇందులో ఏం కలిపావే?" అని చుట్టాలందరి ముందూ అడిగేసింది. కోడలు అక్క కంచం తీసుకుని లోపలికి నడిచింది. వారం తిరక్కుండా మొగుడితో వేరే ఊరు వెళ్లిపోయింది. ఆ తర్వాత ఫోన్ లేదు, పలకరింపు లేదు. వాళ్ల మాటెత్తితే అక్క కళ్లు తుడుచుకుని దుమ్ము పడిందనేది. నేను నమ్మేదాన్ని కాదు. అనుమానం అంటుకుంటుంది మరి.

మొన్న టపా సంచి విప్పితే అక్క పేరుతోనే ఒక పార్సిల్. పంపింది కోడలు.

అక్క దాన్ని చెంపకు ఆనించింది. చల్లగా ఉంది. ఊపింది, చప్పుడు లేదు. వాసనా లేదు.

"ఇందులో ఏదో ఉంది," అంది.

"ఉండకపోతే పంపుతుందా అక్కా? విప్పు."

లోపల రేకు డబ్బా, దాన్నిండా ఇంట్లో చేసిన బిస్కెట్లు. పైనే విడిగా చుట్టిన చిన్న పొట్లం ఉంటే అక్క దాన్ని అనుమానంగా పక్కన పెట్టింది. మిగతావన్నీ తీసి తప్పు కోసం వెతికింది. రెండేసి చొప్పున కాగితంలో చుట్టి, సందుల్లో నలిపిన కాగితం కూరి ఉంది. ఎక్కడా తడి లేదు, ఒక్కటీ విరగలేదు. అక్క చెప్పిన పాఠమంతా పొల్లుపోకుండా ఆ డబ్బాలో ఉంది.

చివరికి పొట్లం విప్పింది. సగం బిస్కెట్టు. పళ్ల గాట్లు కనిపిస్తున్నాయి.

నాకు ఒళ్లు మండింది. "కొరికింది పంపుతుందా? ఎంత పొగరక్కా ఆ పిల్లకి."

"పొగరు కాదే," అంది అక్క. "ముందు తను తిని చూపించింది. ఆరోజు నేనడిగిన దానికి జవాబు."

అంత డబ్బా ఎదురుగా ఉండగా అక్క ఆ సగం ముక్కే నోట్లో పెట్టుకుంది. వాసన చూడలేదు. నిదానంగా నమిలి మింగి, తన కిటికీ మూసి, కోడలికి ఫోన్ చేసింది.

"అమ్మా, నేనే," అంది. "తిన్నాను."